గంధర్వుడి నుంచి కల్కి దాకా

గురువారం సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర చూడండి. కోచింగ్ సెంటర్ బ్యాగు భుజాన వేసుకుని పిల్లలు దర్శనం వరుసలో నిలబడి ఉంటారు. దండం పెట్టుకుని, తిన్నగా ఫిజిక్స్ క్లాసుకు పోతారు. నమ్మకం, శాస్త్రం ఇలా ఒకే మనిషిలో కాపురముండటమే తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు మొదటి నుంచీ ముడిసరుకు.

విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ను ఈ కోవలో చేర్చడానికి కొందరు ఒప్పుకోరు. నేను చేరుస్తాను. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఓ గంధర్వుడు పడి ఉంటాడు. గుర్రం తల, మనిషి ఒళ్లు, పట్టుబట్టలు, నగలు, మాట్లాడేది సంస్కృతం. జంతువో మనిషో శాస్త్రజ్ఞులకు తేలదు. వాళ్లు అతణ్ని పరీక్షిస్తున్నకొద్దీ వాళ్ల జ్ఞానానికున్న ఎల్లలే బయటపడతాయి. మన కొలతలకు అందనిదంతా లేనట్టేనా? ఇంత సూటిగా అడిగిన తెలుగు నవల నాకు మరొకటి కనిపించలేదు. వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదాన్ని 2018లో పెంగ్విన్ ప్రచురించింది.

1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, కాష్మోరా అనే క్షుద్రశక్తి పేరుతో ఇళ్లలో వణుకు పుట్టించింది. చేతబడికీ హిప్నాటిజానికీ అందులో పక్కపక్కనే చోటు దొరికింది. అది మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మ ఘాటుగా విమర్శించారు. ఆ విమర్శలో న్యాయముంది. శాస్త్రానికీ క్షుద్రవిద్యకూ సమాన పీట వేస్తే చివరికి భయమే గెలుస్తుంది.

తర్వాత ఈ చర్చ తెరకెక్కింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ కాలయంత్రం ఎక్కించి మనల్ని కృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లింది. 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ థియేటర్లలో జనం ప్రభాస్‌కు ఈలలు వేశారు. నన్ను పట్టుకున్నది మాత్రం అశ్వత్థామ. మహాభారతంలో ఉత్తర గర్భంలోని శిశువుపై అస్త్రం వేసి శాపం పొందినవాడు, వేల ఏళ్ల తర్వాత మరో గర్భస్థ శిశువుకు కాపలా కాస్తాడు. పాపానికి గడువుంటుందా, చావులేనివాడికి విముక్తి ఎలా అన్నవి పురాణమంత పాత ప్రశ్నలు. అవి రోబోల కాలంలోనూ నిలబడ్డాయి.

కానీ సినిమాలో ఆ ఆలోచనకు ఫైట్ల మధ్య దొరికిన సమయం చాలలేదు. దానికి తీరిగ్గా సాగే నవల కావాలి. కొత్తగా కలం పట్టేవాళ్లు ఈ చోటును తెరకు వదిలేయకండి. ముందు ‘హాహాహూహూ’ చదవండి.