తుపాకి ముల్లు

పామర్రునందు మా పాఠశాలలో కవాతు నేర్పుటకై తెచ్చిన పాత .303 తుపాకిని చూచి యొక బాలుడు, "మాస్టారూ, ఇది పేలదుటండీ?" అని యడిగెను. పేలదంటిమి. అట్టి తుపాకులలో తూటా వెనుక కొట్టు ఉక్కుముల్లు మొన తీసివేయబడి యుండును. చూపునకు సర్వాంగసంపూర్ణమే గాని ప్రాణము లేదు. "మరి కొత్త ముల్లు వేయిస్తేనో?" అని వాడు మరల నడిగెను. ఆ ప్రశ్నకు మేము వెంటనే యుత్తరము చెప్పలేదు.

మన బందరుకోట చరిత్రమంతయు ముల్లునకు ముందటిదే. 1759 ఏప్రిల్ మాసమున కల్నల్ ఫోర్డు ఆ కోటను ఫ్రెంచివారినుండి గైకొన్ననాడు ఇరుపక్షములవారివియు చెకుముకి తుపాకులు. పిదప టోపీ తుపాకులు వచ్చెను. వీనిలో గుర్రము బయటినుండియే పనిచేయుచుండెను. గుర్రము చెడిన కన్నులకు కానవచ్చును. నేర్పుగల కమ్మరి దానిని సరిచేయగలడు. బందరును ముంచి ముప్పదివేలమందిని బలిగొన్న 1864 నవంబరు ఉప్పెన దాటిన రెండేండ్లకు, అనగా 1866లో, ఇంగ్లండు సేనకు స్నైడరు తుపాకి వచ్చెను. పాత తుపాకి గొట్టమును వెనుక కోసి, పక్కకు తెరచుకొను దిమ్మనమర్చి, అందులో ఒక ముల్లును దూర్చిరి. నాటినుండి తుపాకి ప్రాణము లోపల దాగెను.

అప్పటికే ప్రష్యావారికి సూది తుపాకి కలదు. వారి సూది తూటాలోని మందును చీల్చుకొని ముందునకు పోవలయును గనుక, ఆ వేడికి మాటిమాటికి విరుగుచుండెడిది. ప్రతి సైనికుడును మారు సూదులను వెంటనుంచుకొని తానే మార్చుకొనుచుండెను. తరువాతి తుపాకులలో ముల్లు గట్టిపడెను గాని, దానిని మార్చుట మాత్రము ఎవరిచేత బడిన వారి పని గాకపోయెను. మొన కొంచెము పొట్టియైన తూటా పేలదు. కొంచెము పొడవైనను, కొసదేరినను, టోపీని చిల్లుచేయును. మండుచున్న వాయువు వెనుకకు తన్ని కాల్చువాని కంటికే తగులును. ఉక్కు మిక్కిలి పెళుసైన విరుగును, మెత్తనైన అణగిపోవును. అందుచేతనే సైన్యములలో ఆర్మరరు అను పనివాడు కొలబద్ద పెట్టి చూచి గాని క్రొత్తముల్లు గల తుపాకిని సైనికున కీయడు. వెండ్రుకవాసి యనుమాట అలంకారముగా వాడువారము మేము, ఆతనికది నిత్యవ్యవహారము.

ఏలికల యనుమానమునకును ఈ తుపాకులే సాక్షులు. 1857 తిరుగుబాటు అణగిన పిదప సిపాయిలకు లోపల మెలిచాళ్లు లేని నున్నని గొట్టపు తుపాకుల నిచ్చిరి. తెల్లసైనికులకు మార్టినీ తుపాకి వచ్చినప్పుడు మనవారికి స్నైడరు. వారికి లీ-మెట్ఫర్డు వచ్చినప్పుడు మనవారికి మార్టినీ. ఎప్పుడును ఒక తరము వెనుక! వంగదేశపు ఇషాపూరు కర్మాగారమున .303 తుపాకులను .410 నున్న గొట్టపువిగా మార్చి, తూటాల పెట్టెలో కర్రదిమ్మను బిగించి రక్షకభటుల కిచ్చిరి. ఒకమారు ఒక్క తూటాయే. ప్రజల మాట చెప్పనేల? 1878 ఆయుధచట్టముతో అనుమతి లేక తుపాకి కలిగియుండుట నేరమాయెను. ఐరోపావారికి మాత్రము మినహాయింపు.

ఆ మినహాయింపు పోయినది, 1959లో స్వతంత్రభారతము క్రొత్తచట్టము చేసికొన్నది. ఈ చట్టమున తుపాకి యనిన దాని భాగములును తుపాకియే. పురాతనమైన ఆయుధములకు అనుమతి యక్కరలేదని యొక వెసులుబాటు కలదు గాని, అది బాగుచేయక గాని, బాగుచేసి గాని కాల్చుటకు వీలులేనిదై యుండవలయును. తాతగారి తుపాకి, ముల్లు విరిగినదిగదా, గోడమీద నుండనిండని యనుకొను గృహస్థులు "బాగుచేసి గాని" యను మాటను మరియొకమారు చదువుకొనవలెను. ముల్లొక్కటియే పోయినది బాగుపడునట్టిదే. అనుమతి లేక దానిని బాగుచేసిన పనివాడును దోషియే.

మరునాడు బాలునికి చెప్పితిమి: "వేయిస్తే పేలునురా. అందుకే వేయించకూడదు." వాడు తుపాకిని భుజమున నెత్తుకొని వరుసలోనికి పోయెను.