చర్చిలో నిశ్శబ్దం ఎవరి కోసం? పదహారు వందల ఏళ్ల కథ

ఈ వారం ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలైంది. ఆ తప్పు నాదే.

ఆ మధ్య ఒక పాత క్యాథలిక్ చర్చికి షూటింగ్‌కి వెళ్లాం. పర్మిషన్ ఉంది, ఫాదర్ గారే రమ్మన్నారు. ఉదయం పూజ అయిపోయింది, జనం వెళ్లిపోయారు. హమ్మయ్య, ఖాళీ అయింది అనుకుని కాలర్‌కి మైక్ తగిలించుకుని "హలో, హలో, వన్ టూ త్రీ" అంటూ గట్టిగా చెక్ చేస్తున్నాను. ముందు వరసలో ఒక పెద్దావిడ మోకాళ్ల మీద ఉన్నారు. నేను గమనించలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మెల్లగా లేచి, కొంగు సర్దుకుని, బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. నా పని ముగించుకుని అరగంట తర్వాత వస్తే ఇంకా అక్కడే ఉన్నారు. అప్పుడు ఆవిడ నన్నొక మాట అడిగారు. అదేంటో చివర్లో చెప్తాను.

మా ఇంట్లో గుడి అంటే గంట, మంత్రం, మేళం. లోపలికి వెళ్తూ గంట కొట్టడమే మర్యాద. అందుకే పూజ అయిపోయాక కూడా నిశ్శబ్దం ఎందుకన్నది నాకు నిజంగా అర్థం కాలేదు. సరే అని చదవడం మొదలుపెట్టాను. మొదట తెలిసిన విషయమేంటంటే, చర్చిలు పుట్టుకతో నిశ్శబ్దంగా లేవు.

నాలుగో శతాబ్దం చివర్లోకి వెళ్దాం. ఊరు అంతియొకయ. అక్కడ జాన్ క్రిసోస్తొం అనే గురువు ఉండేవారు. క్రిసోస్తొం అంటే గ్రీకులో బంగారు నోరు. అంత గొప్ప వక్త. ఆయన ప్రసంగాల్లో మళ్లీ మళ్లీ కనిపించే ఫిర్యాదు ఒకటే: చర్చిలో కబుర్లు. ఇది మంగలి షాపు కాదు, అత్తరు కొట్టు కాదు, బజారు కాదు అని మందలించేవారు. తర్వాత ఆయన కాన్‌స్టాంటినోపుల్‌కి బిషప్ అయ్యారు. అక్కడ జనం ప్రసంగం మధ్యలో చప్పట్లు కొట్టేవాళ్లు. ఇక చప్పట్లు వద్దు, మౌనంగా వినండి అని ఒకరోజు చక్కగా వివరించారు. ఆ మాట ఎంత బాగుందంటే, దానికీ చప్పట్లు కొట్టారు! ఆయన తల పట్టుకునే ఉంటారు.

మధ్యయుగాల్లో పరిస్థితి ఇంకా ఘోరం. ఊళ్లో అందరూ పట్టేంత పెద్ద కప్పున్న కట్టడం చాలాచోట్ల చర్చి ఒక్కటే. ఇప్పట్లా వరసగా బెంచీలు ఉండేవి కావు. జనం నిలబడేవాళ్లు, తిరిగేవాళ్లు. పంచాయితీలు, బేరాలు, కోర్టు విచారణలు కూడా అక్కడే. 1274లో లియాన్‌లో జరిగిన రెండో మహాసభ వీటన్నిటినీ నిషేధిస్తూ ఒక నియమం పెట్టింది. చర్చిలో సంతలు వద్దు, సభలు వద్దు, వ్యాజ్యాలు వద్దు, ఊసుపోని కబుర్లు వద్దు అని. నిషేధించారంటేనే జరిగేవని కదా అర్థం! నూట పదకొండేళ్ల తర్వాత, 1385లో, లండన్ బిషప్ రాబర్ట్ బ్రేబ్రూక్ తన సెయింట్ పాల్స్ కెథెడ్రల్ గురించి అవే బాధలు రాసుకున్నారు. లోపల అమ్మకాలు కొనుగోళ్లు, బంతాటలు. గూళ్లు పెట్టుకున్న పక్షుల మీద రాళ్లు, బాణాలు వేస్తే కిటికీ అద్దాలు పగిలేవట.

మరి ఈ రూల్ వెనక ఆలోచన ఎక్కడ నుంచి వచ్చింది? నాకు దొరికిన వాటిలో మనసుకు పట్టిన జవాబు ఆరో శతాబ్దంలో ఉంది. ఇటలీలోని మోంతె కసీనో మఠంలో సెయింట్ బెనెడిక్ట్ తన సన్యాసుల కోసం ఒక నియమావళి రాశారు. అందులో 52వ అధ్యాయం ప్రార్థన గది గురించి. చాలా చిన్నది. ప్రార్థన గదిలో ప్రార్థన తప్ప వేరే పని చేయకూడదు, సామాన్లు పెట్టకూడదు. సామూహిక ప్రార్థన ముగిశాక అందరూ పూర్తి నిశ్శబ్దంగా బయటికి వెళ్లాలి. ఎందుకు? వెనక ఒక్కడే ఉండిపోయి ప్రార్థించుకోవాలనుకునే సోదరుడికి ఇంకొకరి వల్ల ఆటంకం కలగకూడదని.

ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. దేవుడికి కోపం వస్తుందని అక్కడ రాయలేదు. పక్కవాడి ప్రార్థన పాడవుతుందని రాశారు. ఆ రోజు మోకాళ్ల మీద ఉన్న పెద్దావిడ గురించి దాదాపు పదిహేను వందల ఏళ్ల కింద రాసినట్టే అనిపించింది.

దీనికి తోడు క్యాథలిక్కుల నమ్మకం ఒకటి ఉంది. పూజలో అప్పం క్రీస్తు శరీరంగా మారుతుందని, పూజ అయిపోయాక కూడా ఆ సన్నిధి అలాగే ఉంటుందని వాళ్ల విశ్వాసం. ఆ దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె దగ్గర ఒక దీపం, చాలాచోట్ల ఎర్రది, ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. అంటే నేను ఖాళీ అనుకున్న చర్చి వాళ్ల లెక్కలో ఖాళీ కాదన్నమాట.

సుమారు 1200 నుంచి పూజలో అప్పాన్ని జనానికి కనిపించేలా పైకెత్తడం మొదలైంది. ఆ క్షణం తెలియడానికి గంట కొట్టేవాళ్లు. గంట మోగితే కబుర్లు ఆగేవి. ఆ ఒక్క దర్శనం కోసం ఒక పీఠం దగ్గర నుంచి ఇంకో పీఠం దగ్గరికి పరిగెత్తేవాళ్లూ ఉండేవారు. తర్వాత 1562 సెప్టెంబర్ 17న ట్రెంట్ మహాసభ గట్టిగా చెప్పింది: పూజ జరిగేచోట పిచ్చాపాటీ, అటూ ఇటూ తిరగడం, గోల బంద్ చేయించండి అని బిషప్‌లను ఆదేశించింది.

అయితే ఇక్కడ ఇంకో కోణం ఉంది. అప్పటికి ఎన్నో శతాబ్దాలుగా పూజలోని ముఖ్య ప్రార్థనను గురువు లాటిన్‌లో, లోగొంతుకతో చదివేవారు. జనానికి ఆ భాష రాదు, ఆ మాట వినబడదు. వాళ్లు మౌనంగా జపమాల తిప్పుకునేవాళ్లు. అందులో లోతైన భక్తి ఉన్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అర్థం కాక ఊరుకోవడం వేరు, మనస్ఫూర్తిగా మౌనంగా ఉండటం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అంతే.

ఈ తేడాని రెండో వాటికన్ మహాసభ పట్టుకుంది. 1963 డిసెంబర్ 4న వచ్చిన ఆరాధన పత్రంలో ఒకచోట, విశ్వాసులు మూగ ప్రేక్షకుల్లా ఉండకూడదని ఉంది. అదే పత్రంలో ఇంకోచోట, తగిన సమయాల్లో భక్తితో మౌనం పాటించాలని ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఇదేంటి, రెండూ కొట్టుకుంటున్నాయే అనుకున్నాను. కావు. పాడటం, జవాబు చెప్పడం ఎలా పాల్గొనడమో, మౌనం కూడా అలాగే పాల్గొనడం అంటోంది. జనం భాషల్లోకి పూజ వచ్చింది కూడా ఆ తర్వాతే. మన తెలుగు పూజ అలా వచ్చిందే.

2002లో వచ్చిన పూజాగ్రంథం నియమాల్లో ఇది ఇంకా స్పష్టం. పశ్చాత్తాపం దగ్గర మౌనం ఆత్మపరిశీలనకి. పఠనం, ప్రసంగం తర్వాత మౌనం విన్నది నెమరువేసుకోవడానికి. సత్ప్రసాదం తీసుకున్నాక మౌనం లోలోపల స్తుతించడానికి. పూజకు ముందు చర్చిలోనే కాదు, గురువులు వస్త్రాలు ధరించే గదిలో కూడా మౌనం మంచిదని రాశారు. గురువు ప్రార్థిద్దాం అని పిలిచి కాసేపు ఆగుతారు, గమనించారా? ఆ గ్యాప్‌లో ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకోవాలి. తర్వాత గురువు చదివేది అందరివీ కలిపే ప్రార్థన. ఆ గ్యాప్ మింగేస్తే, మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ రాకముందే ఎంటర్ కొట్టినట్టు!

అలాగని శబ్దమంతా తప్పు అనుకోవద్దు. ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మరియమాత ఉత్సవానికి లక్షల్లో జనం వస్తారు. ఆ పాటలూ, ఆ సందడీ కూడా భక్తే. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో టూరిస్టుల గోల ఆపడానికి మైకులో సైలెన్స్ ప్లీజ్ అని చెప్తుంటారు. 2014 జనవరిలో అదే చాపెల్‌లో పసిపిల్లల జ్ఞానస్నానాలు జరిగాయి. పోప్ ఫ్రాన్సిస్ మాత్రం పిల్లల ఏడుపుని గాయకబృందంతో పోల్చారు, ఆకలేస్తే ఇక్కడే పాలివ్వండమ్మా అని తల్లులకు చెప్పారు. పసివాడి ఏడుపు, నా మైక్ టెస్టింగ్ ఒకటి కావు. వాడు అక్కడికి వచ్చినవాళ్లలో ఒకడు. నేను అక్కడున్న మనిషిని చూడకుండా మాట్లాడినవాణ్ని.

ఇక ఆ పెద్దావిడ అడిగిన మాట. మెట్ల మీద నన్ను చూసి లేచి నిలబడి, "అయిపోయిందా నాయనా? నేను లోపలికి వెళ్లొచ్చా?" అన్నారు.

తన చర్చిలోకి వెళ్లడానికి నన్ను అడిగారు! సారీ అమ్మా అన్నాను. పర్లేదులే అని లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు తీసిన ఫుటేజ్ ఏదీ ఈ ఎపిసోడ్‌లో వాడలేదు. మీరిప్పుడు చూస్తున్నది మా గదిలో రికార్డ్ చేసింది. మీరు ఏ మతం వాళ్లైనా సరే, చర్చికి వెళ్తే ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మాట్లాడేముందు ముందు వరసలో ఎవరైనా ఉన్నారేమో ఒకసారి చూడండి.

వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.