ఉమ్మడి కాలువ ఖర్చు ఎవరిది?

 



నీటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని ముస్లింలందరికీ అంకితం చేసిన రూమా బావిని గుర్తు చేసుకుంటాం. అది ఒక దాత చరిత్ర. వినడానికి హాయిగా ఉంటుంది. అందులో ఖర్చు మనది కాదు కదా! ఈ వారం చెప్పుకోబోయేది భాగస్వాముల చరిత్ర. వీధిలో కొత్త నీటి గొట్టం పడేటప్పుడు మొదటి ఇంటివారికీ చివరి ఇంటివారికీ మాటలు ఆగిపోవడం, ఆ ఇద్దరే శుక్రవారం ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ తగాదాను మన ధర్మవేత్తలు పన్నెండు వందల ఏళ్ల క్రితమే కూలంకషంగా విచారించారు.

ముందుగా మదీనాకు వెళ్దాం. దహ్హాక్ బిన్ ఖలీఫా అనే ఆయన ఉరైద్ లోయ నుండి తన పొలానికి కాలువ తీయాలనుకున్నారు. దారిలో ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) గారి భూమి అడ్డు వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. నీకూ మేలే, మొదటా చివరా నీవే నీరు వాడుకోవచ్చు, నష్టమేమీ లేదని దహ్హాక్ ఎంత చెప్పినా వినలేదు. వ్యవహారం ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ముందుకు వచ్చింది. ఆయన నచ్చజెప్పారు. ముహమ్మద్ ఒట్టు పెట్టుకొని మళ్లీ కాదన్నారు. అప్పుడు ఉమర్ (రజి), నీ పొట్ట మీదుగానైనా సరే ఆ కాలువ పారి తీరుతుందని తీర్పు చెప్పారు. కాలువ పారింది. ఇమామ్ మాలిక్ (రహ్మ) తన మువత్తాలో ఈ ఉదంతాన్ని నమోదు చేశారు. అయితే అందులో ఖర్చు పంపకం ప్రసక్తి లేదు. దాని కోసం కాలువల దేశమైన ఇరాక్‌కు వెళ్లవలసి ఉంటుంది.

కూఫాలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) ఈ ప్రశ్నను చర్చించారు. వారి వాదాలను ఫర్గానా పండితుడు బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం 1197) తన హిదాయాలో పొందుపరచారు. యూఫ్రటీసు వంటి, ఎవరి సొత్తూ కాని మహానదుల పూడికతీత ఖర్చు బైతుల్‌మాల్‌దే. అదీ ఖరాజ్, జిజ్యా ఆదాయం నుండే. జకాత్ సొమ్మును దీనికి వాడరాదు, అది పేదల హక్కు. ఖజానా ఖాళీగా ఉంటే పాలకుడు ప్రజలచేత ఆ పని చేయిస్తాడు. ఒంటి బలం ఉన్నవారు పారపట్టాలి. స్వయంగా పని చేయలేని సంపన్నులు ఆ పనివారి పోషణ భరించాలి. ఇక కొందరు భూస్వాముల ఉమ్మడి కాలువైతే ఖర్చు వారిదే. ఒకడు మొండికేస్తే బలవంతంగానైనా రాబట్టవచ్చు. ఒక్కడి నిరాకరణతో తక్కినవారంతా నష్టపోకూడదు. దారిన పోతూ దాహం తీర్చుకునేవారిపై మాత్రం ఏ భారమూ లేదు. వారిని లెక్కపెట్టడం ఎవరి తరం?

అసలు చిక్కు ఉమ్మడి కాలువ యజమానుల మధ్యనే. ఎగువ రైతు శివారు వరకూ ఖర్చు భరించాలా? అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) భరించాలన్నారు: మొదటి నుండి చివరి వరకు అందరూ తమ వాటాల ప్రకారం ఇవ్వాలి, ఎందుకంటే మిగులు నీరు పోవడానికి ఎగువ రైతుకు దిగువ కాలువ అవసరం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఒప్పుకోలేదు. పూడిక తీసేది పొలం తడపడానికి. తన పొలం దాటగానే ఎగువ రైతు ప్రయోజనం తీరింది. పొరుగువాని కప్పు మీదుగా తన నీరు పారే హక్కు ఉన్నంత మాత్రాన ఆ కప్పును బాగు చేయించే బాధ్యత రాదు గదా అని ఆయన ఉపమానం.

ఈ తేడా ఎంతటిదో అంకెల్లో చూద్దాం. సమాన వాటాలు గల నాలుగు ఇళ్లు, నాలుగు భాగాలుగా గొట్టం, భాగానికి 12,000 రూపాయలు అనుకుందాం. శిష్యుల లెక్కన తలా 12,000. గురువుగారి లెక్కన మొదటి భాగాన్ని నలుగురు, రెండో భాగాన్ని ముగ్గురు, మూడో భాగాన్ని ఇద్దరు పంచుకుంటారు, చివరిది ఒక్కడిదే. మొదటి ఇంటికి 3,000, రెండో ఇంటికి 7,000, మూడో ఇంటికి 13,000, చివరి ఇంటికి 25,000. చివరి ఇంట్లో ఒక వితంతువు ఉంటే ఈ అంకె ఎలా ధ్వనిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. మొదటి ఇంటివారు స్వచ్ఛందంగా ఎక్కువ ఇస్తే అది ఇహ్సాన్. దాన్ని ఏ న్యాయశాస్త్రమూ ఆపలేదు.

గురువుగారి అభిప్రాయం అనుసరించేవారిలోనూ ఒక సున్నితమైన ప్రశ్న పుట్టింది. తన పొలం వరకు పూడిక తీసి బాధ్యత తీరిన ఎగువ రైతు వెంటనే తూము తెరచుకోవచ్చా? కొందరు తెరచుకోవచ్చన్నారు. మరికొందరు కూడదన్నారు: భాగస్వాముల పని పూర్తయ్యేదాకా ఆగాలి, లేకపోతే ఉమ్మడి నీటిపై అతనికి ప్రత్యేకాధికారం ఇచ్చినట్లవుతుంది. డబ్బు విషయంలో మినహాయింపు పొందినవాడు నీటి విషయంలో ఓపిక పట్టాలన్న ఈ రెండో మాట మాకు ఎక్కువ నచ్చింది.

1869 నుండి 1876 వరకు ఉస్మానీ పాలకులు హనఫీ న్యాయాన్ని మజల్లా అనే చట్టంగా క్రోడీకరించినప్పుడు ఉమ్మడి కాలువల విషయంలో ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయాన్నే స్వీకరించారు. దాని పక్కనే మురుగు కాలువకు తలకిందుల నియమం పెట్టారు. శుభ్రం చేయడం దిగువ నుండి మొదలవుతుంది. మొదటి భాగానికి అందరూ ఇస్తారు. పని పైకి పోయేకొద్దీ కిందివారు ఒక్కొక్కరే తప్పుకుంటారు. ఎగువ ఇంటి మురుగు అందరి వాకిళ్ల ముందు నుండీ పారుతుంది కనుక ఎక్కువ భారం ఎగువ ఇంటిదే.

మన నాలుగు ఇళ్ల వీధిలో నీరూ మురుగూ ఒకే వాలున పారుతూ, మురుగు కాలువకూ భాగానికి 12,000 అయితే, ఇప్పుడు మొదటి ఇంటికి 25,000, చివరి ఇంటికి 3,000. రెండు పద్దులూ కలిపితే మొదటి ఇంటికి 28,000, చివరి ఇంటికీ 28,000. నడుమ రెండిళ్లకు 20,000 చొప్పున. ఇది ఫత్వా కాదు, మేము వేసి చూసిన లెక్క మాత్రమే. వీధి వాలు మారితే అంకెలూ మారతాయి. తవ్వకం మొదలుకాకముందే ముఫ్తీగారినీ మేస్త్రీనీ ఒకే రోజు పిలిపించి, అందరి సమక్షంలో వాటాలు కాగితం మీద రాయించుకోవడం మేలు.