రొమ్ము గడ్డల్లో పెరుగుదల కారకాలు: ఆధారాలు ఎంతవరకు చెబుతాయి?

రొమ్ములో చేతికి తగిలిన ప్రతి గడ్డా కాన్సర్ కాదు. చిన్న వయసు స్త్రీలలో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా అనే హానిలేని గడ్డ. కణాలను విభజనకు పురిగొల్పే ప్రొటీన్లే పెరుగుదల కారకాలు. వీటిని కనుగొన్నందుకు స్టాన్లీ కోహెన్, రీటా లెవీ-మోంటాల్చినీలకు 1986లో నోబెల్ వచ్చింది. ఏ గడ్డ కాన్సరో ఇవి తేల్చగలవా?

రెండు రకాల గడ్డల్లోనూ ఉండేవే

యుక్తవయసులోనూ గర్భంతో ఉన్నప్పుడూ రొమ్ము పెరగడంలో ఈ కారకాలకు పాత్ర ఉంది. కాబట్టి అవి కనిపించినంత మాత్రాన కాన్సర్ అనలేం. టీజీఎఫ్-బీటా అనే కారకమైతే తొలిదశలో కణాల పెరుగుదలను అణచి, ముదిరిన కాన్సర్‌లో వ్యాప్తికి తోడ్పడుతుంది. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ సగటున కాన్సర్ కణజాలంలోనే ఎక్కువ. అయినా హానిలేని గడ్డల్లోనూ అది ఉంటుంది.

నిలిచిన ఆధారం, నిలవనిది

హెర్-2 ఒక పెరుగుదల కారక గ్రాహకం. మామూలు కణంలో దాని జన్యువుకు రెండు ప్రతులుంటాయి. 1987లో డెన్నిస్ స్లామన్ బృందం 189 రొమ్ము కాన్సర్లను పరీక్షిస్తే, 30 శాతంలో ఆ ప్రతులు పెరిగి ఉన్నాయి. అలాంటి రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెట్టింది. ఇప్పటి అంచనా 15–20 శాతం. ఆ గ్రాహకాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2018లో దాని బయోసిమిలర్‌ను మన దేశంలో విడుదల చేసింది.

వీఈజీఎఫ్ కథ వేరు. దాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్‌ను ముదిరిన రొమ్ము కాన్సర్‌కు వాడేందుకు అమెరికా 2008లో అనుమతించింది. ఆయుష్షు పెరిగినట్టు రుజువు కాకపోవడంతో 2011లో ఆ అనుమతిని రద్దు చేసింది. ఒక ప్రొటీన్ కాన్సర్‌లో ఎక్కువగా ఉన్నంత మాత్రాన, దాన్ని ఆపితే రోగికి మేలు జరుగుతుందని చెప్పలేం.

కర్నూలు జిల్లా మద్దికెర లాంటి ఊరి రోగికి దీనివల్ల ఏమిటి?

గడ్డ కాన్సరా కాదా అన్నది పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో కణాల అమరికను చూసి తేలుస్తారు. పాల నాళాల చుట్టూ ఉండే మయోఎపిథీలియల్ కణాల పొర హానిలేని గడ్డలో సాధారణంగా చెక్కుచెదరదు, చొచ్చుకుపోయే కాన్సర్‌లో కనిపించదు. హెర్-2 పరీక్ష ఆ తర్వాతిది. అది మందు ఎంపిక కోసం.

ఆ పరీక్ష ఫలితం బయాప్సీలో తీసిన ముక్కను ఎలా భద్రపరిచారన్నదాని మీద ఆధారపడుతుంది. తీసిన గంటలోపు పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. అందులో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఆలస్యమైతే పరీక్షలో వేసే రంగు సరిగా పట్టక, ఉన్న హెర్-2 లేనట్టు రావచ్చు. మద్దికెర నుంచి వచ్చిన రోగికి ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో బయాప్సీ చేసి, ముక్కను కర్నూలుకో హైదరాబాదుకో పంపాల్సి వస్తే, ఈ గంటల లెక్కను కాగితం మీద రాసి పంపడం అవసరం.

హెర్-2 రిపోర్టులో 3+ అంటే పాజిటివ్. 0, 1+ అంటే నెగెటివ్. 2+ వస్తే తేలలేదని అర్థం. అప్పుడు జన్యు ప్రతులను లెక్కించే ఫిష్ పరీక్ష చేయించాకే మందు సంగతి నిర్ణయించాలి.