వల్లభుని భక్తిమార్గము

భిలాయి ఉక్కునగరమునకు చేరువనున్న చరోదానుండి తూర్పుగా సాగి, రాయపూరు దాటినచో మహానదీ ప్రాంతమున చంపారణ్యము కలదు. 1479లో వల్లభాచార్యులు ఇచటనే జన్మించిరని సంప్రదాయము. తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ. వారిది తెలుగు వైదిక కుటుంబము. కల్లోలభయమున కాశిని విడిచి వచ్చుచుండగా అడవిలో ఈ శిశువు పుట్టెనని కథ.

జ్ఞానము, యోగము, యజ్ఞము అధికారమును కోరును, శ్రమను కోరును. ఆ శక్తి లేనివాని గతి యేమి? భగవదనుగ్రహమే దిక్కని వల్లభుల సమాధానము. ఆ అనుగ్రహమునకే వారు భాగవతము ననుసరించి ‘పుష్టి’ యని పేరిడిరి.

అయినను ఆ ప్రేమ కేవలము భావావేశము కాదు. భగవన్మహిమ నెరిగి, అన్నిటికంటె మిన్నయై, చలింపక నిలుచు స్నేహమే భక్తి యని వారు నిర్ణయించిరి. మహిమ నెరుగని ప్రేమ మోహమగును. ప్రేమ లేని మహిమాజ్ఞానము భయముగనే మిగులును.

ఈ స్నేహము సేవగా ఫలించును. చిత్తము స్వామియందు లగ్నమగుటయే సేవ. తనువును ధనమును అర్పించుట అందులకు సాధనము. ఆచార్యులు గృహస్థులు, జీవితాంతమున మాత్రమే సన్న్యసించిరి. కనుక వారి మార్గమున గృహమే ఆలయమాయెను. బాలకృష్ణుని మేల్కొలుపుట, అలంకరించుట, ఆరగింపు పెట్టుట, నిదురపుచ్చుట యను నిత్యకృత్యములు గుజరాతు, రాజస్థాన గృహములలో నేటికిని సాగుచున్నవి. బిడ్డను సాకు తల్లి ప్రతిఫల మడుగదు. ఆ నిష్కామమైన వాత్సల్యమునే ఈ తెలుగు ఆచార్యుడు మోక్షముకంటెను అధికముగ నెంచెను.