పగలు ఆసనము, రేయి శయ్య

పల్లెయందు పెరడును, అరుగును, విశాలమైన వసారాయును గలవానికి పడుకొనుటకై ప్రత్యేకముగా ఒక గది కావలెనను తలంపే పుట్టదు. వేసవిలో ఆరుబయటను, వానకాలమున చూరుక్రిందను మంచము వాల్చుకొని సుఖముగా నిద్రించును. పట్టణమున అద్దెగదిలో కాపురముండువానికి మాత్రము పగలు కూర్చుండుటకును, రాత్రి పరుండుటకును, బంధువు వచ్చినచో మర్యాద జరుపుటకును ఉన్నది ఆ ఒక్క గదియే. నేడు మన అంగళ్లలో సోఫా కమ్ బెడ్ అను పేర అమ్ముడగుచున్న ఉపకరణము ఈ ఇరుకునుండి జనించినది. దానిని ధనికుల విలాసవస్తువుగా తలంచువారు కలరు. కాని దాని చరిత్రను పరిశీలించినకొలది అది నెలనెలయు అద్దె చెల్లించి బ్రతికినవారి చరిత్రయని తేటపడును.

మడత మంచము మాత్రము అతిప్రాచీనము. 1922లో హోవర్డ్ కార్టరు ఈజిప్టుదేశమున కనుగొనిన టూటంఖామెన్ సమాధియందు, లోహపు కీళ్లతో మూడు మడతలుగా ముడుచుకొను కొయ్యమంచమొకటి దొరకినది. మూడువేల మూడువందల యేండ్లనాటి ఆ పనితనము చూచి అబ్బురపడవలసినదే. ఐనను అది ప్రయాణములకై చేసిన రాజశయ్యయని విద్వాంసులు తలంతురు. ఇంటిలో చోటు చాలకపోవుటతో దానికి సంబంధము లేదు.

చోటు చాలని మనుష్యుల శయ్యకు పుట్టినిల్లు అమెరికాలోని చికాగో నగరమని చెప్పవచ్చును. 1871లో సంభవించిన మహాగ్నిప్రమాదమున ఆ నగరపు నడిబొడ్డు భస్మమైపోయెను. పిమ్మట దానిని పునర్నిర్మించుటకును, కర్మాగారములలోను రైల్వేలలోను పనిచేయుటకును దేశదేశములనుండి జనులు వచ్చి పడసాగిరి. 1880లో అయిదు లక్షలుగా నుండిన జనాభా 1890 నాటికి పదునొకండు లక్షలకు చేరెను. నేల చాలక కట్టడములు ఆకాశమునకు ఎగబ్రాకినవి. పదియంతస్తుల హోమ్ ఇన్స్యూరెన్స్ భవనము 1885లో పూర్తియైనది అచ్చటనే. కార్యాలయములు అట్లు పైకి పెరుగుచుండగా, వానిలో పనిచేయు గుమాస్తాయు, ఇటుకలు మోయు కూలియు, కుట్టుపని చేయు స్త్రీయు తమ సంసారములను ఒకటి రెండు గదులలో ఇముడ్చుకొనవలసి వచ్చెను.

ఆ నగరమున శారా గూడ్ అను నల్లజాతి స్త్రీ గృహోపకరణముల అంగడి నడుపుచుండెను. దేశమున బానిసత్వము రద్దు కాకపూర్వమే జన్మించిన యీమె భర్త వడ్రంగి. మంచము కొనవలెనని వచ్చి, దానిని పెట్టుకొనుటకు ఇంట తావు లేదని వెనుదిరుగు జనులను చూచియే ఈమె తన యోచన సాగించెనని చెప్పుదురు. 1885 జూలై 14వ తేదీన 3,22,177వ సంఖ్యతో ఆమెకు పేటెంటు లభించెను. అమెరికాలో పేటెంటు పొందిన తొలి నల్లజాతి స్త్రీలలో ఆమె యొకతె. శ్వేతజాతి పురుషులకే సర్వాధికారములును గల ఆ కాలమున, ఒక వడ్రంగి భార్య తన పేరనే ప్రభుత్వముచే ఇట్టి హక్కును పొందుట ఎంతటి ఘనకార్యమో మనము తగినంతగా గుర్తింపలేదని నా అభిప్రాయము.

ఆమె సమర్పించిన వివరణపత్రము చిన్నదేయైనను ఎంతయో ఆలోచనతో కూడినది. అందు ఆమె తన మంచమునకు మూడు ప్రయోజనములను నిర్దేశించెను. మడచినప్పుడు అది కాగితములు, కలములు ఉంచుకొను అరలుగల వ్రాతబల్లగా ఉపయోగపడవలెను. ఎత్తునప్పుడును దించునప్పుడును భారము తెలియకుండునట్లు ఎదురుతూకము అమర్పబడవలెను. తెరచినప్పుడు పరుపునకు నడుమ తనంతట తానే ఒక ఆధారము వచ్చి నిలువవలెను. ఈ మూడవ నియమమునందే ఆమె అనుభవము బయల్పడుచున్నది. మడత పడు మంచమునకు కీలు నడుమనే యుండును. మనుష్యుని దేహభారము అధికముగా మోపబడు నడుము భాగమును అచ్చటనే ఆనును. కావున బలహీనమైన చోటును, బలము కావలసిన చోటును ఒక్కటే యగుచున్నది. తరువాతి నూరేండ్లలో సోఫాశయ్యలు చేసినవారిలో పెక్కుమంది ఈ సంగతిని మరచినందువలననే కోట్లకొలది నడుములు నొప్పిపడినవి.

అనంతరము శాన్ ఫ్రాన్సిస్కోయందు విలియం మర్ఫీ గోడలోనికి నిలువుగా ఎత్తిపెట్టు మంచమును ప్రచారములోనికి తెచ్చెను. అది ఎంతగా వాడుకపడెననగా, 1989లో అమెరికా న్యాయస్థానము 'మర్ఫీ మంచము' అనునది అందరి సొత్తైన సామాన్యనామమేయని తీర్పు చెప్పినది. కాని అద్దెకున్నవాడు గోడను తొలిపింపలేడు గదా! వానికి కావలసినది ఇల్లు మారునప్పుడు వెంట వచ్చు వస్తువు.

ఆ కొరతను తీర్చినవారిలో సిసిలీ ద్వీపమునుండి చిన్నవయసుననే వలసవచ్చిన బెర్నార్డ్ కాస్ట్రో ప్రముఖుడు. సోఫాలకు దూది దట్టించి గుడ్డ కప్పు పని నేర్చిన యితడు 1931లో, దేశమంతయు ఆర్థికమాంద్యమున క్రుంగిన సమయమున, న్యూయార్కున సొంత అంగడి తెరచెను. నాటి సోఫాశయ్యలు బరువైనవి. తెరచుటకు ఇరువురు కావలసి వచ్చుటయు, వ్రేళ్లు నలుగుటయు సాధారణము. కాస్ట్రో ఇనుపచట్రమును తేలికపరచి, కీళ్ల అమరికను సవరించెను. ఒకనాటి ఉదయమున నాలుగేండ్ల కూతురు బెర్నడెట్ తానొక్కతెయే సోఫాను విప్పి మంచము చేసి చూపెనని ఆ కుటుంబమువారు చెప్పుకొందురు. 1948లో టెలివిజను ఇంకను శైశవమున నుండగనే, ఆ బాలిక సోఫాను తెరచు దృశ్యము ప్రకటనగా వెలువడి న్యూయార్కు ప్రజలందరికిని సుపరిచితమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమునుండి మరలివచ్చిన సైనికులు ఇండ్లు దొరకక అత్తమామల పంచలను చేరిన దినములవి. సోఫాలు విరివిగా అమ్ముడుపోయినవి. శారా గూడ్ కోరిన రెండవ ప్రయోజనమును కాస్ట్రో సంపూర్ణముగా సాధించెను. ఆ బాలికయే పెద్దదై న్యూయార్కు రాష్ట్రపు ఉద్యానవనముల శాఖకు అధిపతిగా చిరకాలము పనిచేసెను.

మన తెలుగిండ్లకు ఈ సమస్య ఆలస్యముగా వచ్చినదేగాని, ఒకే వస్తువును రెండు పనులకు వాడుకొను నేర్పు మనకు కొత్త కాదు. నులకమంచము పగలు గోడకు చేరగిలబడి నిలుచును. చుట్టము గడపదాటగానే అది వాలి ఆసనమగును. రాత్రికి అదియే శయ్య. నులక సాగి నడుమ ఉయ్యాలవలె క్రుంగినప్పుడు, కాళ్లవైపు త్రాడు బిగించి మరల సమము చేయుదురు. చికాగో స్త్రీ కీళ్లతో సాధింపజూచిన నడిమి ఆధారమును మన పెద్దలు ఒక త్రాటితో సాధించిరి. నల్లులు చేరినచో కోళ్లసందులలో వేడినీరు పోసి ఎండలో వేయుదురు. ఇట్టి సౌలభ్యము ఏ సోఫాకును లేదు. తరువాత నవారు అల్లిన మడతమంచములును, పిదప పట్టణపు ముందుగదులలో దివాన్లును వచ్చినవి. అపార్టుమెంట్లు పెరిగి, కొత్త కాపురములు రెండు గదులకు పరిమితమైన పిమ్మటనే హైదరాబాదు, విజయవాడలలో సోఫా కమ్ బెడ్డుకు గిరాకీ హెచ్చినది. అమెరికాలోని మన పిల్లల ఇండ్లలో దీనికి మరియొక ప్రయోజనము గలదు: కోడలికో కూతురికో పురుటిసాయము చేయుటకై వెళ్లిన తల్లిదండ్రులు నెలల తరబడి దానిపైననే నిద్రింతురు. కాస్ట్రో నాటి యువదంపతుల శయ్య అట్లు మన అరువదేండ్ల పెద్దల శయ్యయైనది.

కనుకనే కొనునప్పుడు దాని గుడ్డ రంగును, చేతుల నగిషీని చూచి మురియుట చాలదు. అంగడిలోనే దానిని పూర్తిగా తెరపించి, సిగ్గుపడక పావుగంటసేపు దానిపై పరుండి చూడవలెను; వెల్లకిల పరుండినప్పుడు నడుము క్రింద ఇనుపపట్టీ తగిలినచో ఎంత చవకగా ఇచ్చినను విడిచిపెట్టవలెను. క్రిందనుండి లాగు రకమైనచో గోడనుండి ఏడడుగులకు పైగా నేల కావలెను. నడుమనున్న టీపాయిని ప్రతిరాత్రి ఎచ్చటికి జరుపుదురో ముందే నిశ్చయించుకొనవలెను. పలుచని స్పాంజి పరుపు ఏడాది తిరుగునప్పటికి అణగిపోవును. దానిపై రాత్రివేళ మరియొక బొంత పరచుట మంచిది. ఆ బొంతయు దిండ్లును దాచుటకు క్రింద పెట్టె యున్న సోఫా మేలు. నిత్యము పరుండువారు ఎవరో, ఎప్పుడో వచ్చిపోవువారు ఎవరో ఎంచుకొని కొనవలెను; పెద్దవారికై కొనునట్లయిన, నేలనుండి మోకాలియెత్తైన లేని శయ్యను కొనరాదు, తెల్లవారుజామున దానినుండి లేచుటకు వారికి మరియొకరి చేయూత కావలసివచ్చును.