డి డ్రైవ్‌కు తాళం ఎప్పుడు పడింది?

వడ్డేశ్వరం, వడ్లమూడి, ఐనవోలు, నీరుకొండ... అమరావతి చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకే లాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టుకునే పిల్లలు ఉంటారు. రికార్డులు, ప్రాజెక్టు ఫైళ్లు రెండింటికీ ఉమ్మడిగా డి డ్రైవ్‌లో దాచుకుంటారు. తీరా సబ్‌మిషన్ ముందురోజు ఉబుంటులోకి వెళ్తే ఆ డ్రైవ్ తెరుచుకోదు. తెరుచుకున్నా ఫైలు సేవ్ కాదు, ‘రీడ్ ఓన్లీ’ అంటుంది. డిస్కు పోయిందేమోనని కంగారు పడతారు. చాలాసార్లు డిస్కుకు ఏమీ కాదు. ఈ తాళం వెనక ముప్పయ్యేళ్ల కథ ఉంది.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో, ఉబుంటుకు మూలమైన లినక్స్‌ను బయటపెట్టాడు. మైక్రోసాఫ్ట్ 1993లో విండోస్ ఎన్‌టీతో పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను తెచ్చింది. దాని లోపలి అమరికను పూర్తిగా వెల్లడించలేదు. లినక్స్ ప్రోగ్రామర్లు డిస్కు మీది బైట్లను ఒక్కొక్కటే పరిశీలించి గుట్టు విప్పారు. అందుకే లినక్స్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను చదవడమే తప్ప నమ్మకంగా రాయడం చాలాకాలం కుదరలేదు. ఉమ్మడి డ్రైవ్ కావాలంటే ఫ్యాట్32 అనే మరో ఫైల్ సిస్టమ్‌ను వాడేవారు. అందులో 4 జీబీ ఫైలు పట్టదు.

2007లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ స్థిరమైన రూపంలో వచ్చాక ఆ అడ్డు తొలగింది.

2012లో విండోస్ 8తో కొత్త చిక్కు మొదలైంది. త్వరగా ఆన్ కావడానికి ‘ఫాస్ట్ స్టార్టప్’ పెట్టారు. అది ఉంటే షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, తన స్థితిని డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందని దాని లెక్క. ఆ సమయంలో ఉబుంటు ఏమైనా రాస్తే, విండోస్ లేచి పాత లెక్కతో పని మొదలుపెడుతుంది, ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్స్ రాయడానికి ఒప్పుకోదు.

మందు సులువే. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పవర్ ఆప్షన్స్‌లో ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ దగ్గర టిక్ తీసేసి షట్ డౌన్ చేయాలి. అప్పటికప్పుడు పని కావాలంటే షట్ డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి ఉబుంటులోకి వెళ్లాలి. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగా ఆగుతుంది. డ్రైవ్‌కు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ దగ్గర పెట్టుకోవాలి.

2021లో లినక్స్ 5.15 కెర్నెల్‌లోనే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు రాయగల డ్రైవర్ చేరింది. అయినా నిద్రలో ఉన్న విండోస్ డ్రైవ్‌ను బలవంతంగా తెరవడం నేటికీ ప్రమాదమే. రెండు సిస్టమ్‌లు వాడే ప్రతి విద్యార్థికీ ఇన్‌స్టాల్ చేసిన రోజే ఈ సంగతి చెప్పాలి. ఏడాది కష్టం ఆ డ్రైవ్‌లోనే ఉంటుంది కదా!